నవ్వితే తెరుచుకునే తలుపు

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే రాజమార్గం మీద ధర్సీవా వస్తుంది. ఆ ప్రాంతంలోనే సిల్తరా పారిశ్రామికవాడ, ఇనుము కరిగే కొలుములు. ఏ కర్మాగారంలోనైనా నేడు తూకపు చీటీ మొదలు జీతాల పట్టీ వరకు కంప్యూటరు మీదనే నడుస్తున్నది. గేటు వద్ద కావలివాడు వుంటాడు. కంప్యూటరు గుమ్మం వద్ద ఎవరున్నారు?

ఆ కావలి విద్య నేర్వగోరే యువకునికి మొదట అడ్డు వచ్చేది చట్టం. 2000 సంవత్సరపు ఐ.టి. చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం, యజమాని అనుమతి లేకుండా దురుద్దేశంతో పరుల కంప్యూటరులో చొరబడితే మూడేండ్ల వరకు ఖైదు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ధర్సీవాలోనైనా, ఢిల్లీలోనైనా ఇదే శాసనం. కాని దొంగ మెళకువలు తెలియనివానికి తాళం గట్టిదో కాదో ఎట్లా తెలుస్తుంది?

దీనికొక తాలింఖానా వున్నది. ర్యాపిడ్ సెవెన్ అనే సంస్థ 2012లో ‘మెటాస్‌ప్లాయిటబుల్ 2’ పేరుతో ఒక లినక్స్ యంత్రాన్ని ఉచితంగా విడుదల చేసింది. యంత్రమంటే ఇనుప పెట్టె కాదు. సొంత కంప్యూటరు కడుపులో నడిచే మరొక కంప్యూటరు. దానికి కావాలనే బెజ్జాలు పెట్టారు. దాని వాడుకరి పేరు ఏదో రహస్యపదమూ అదే! దీనిని బయటి నెట్‌వర్కుకు తగిలించవద్దని తయారుచేసినవారే హెచ్చరించారు. తాలింఖానా తలుపులు వీధిలోకి తెరిచి పెట్టకూడదు కదా.

సాధకుడు మొదట ‘ఎన్‌మాప్’ అనే సాధనంతో ఏయే ద్వారాలు తెరిచివున్నవో లెక్కిస్తాడు. 21వ ద్వారం వద్ద ‘వి.ఎస్.ఎఫ్.టి.పి.డి. 2.3.4’ అనే పేరు కనబడుతుంది. ఫైళ్ళు పంపే కార్యక్రమమిది. ‘మిక్కిలి భద్రమైనది’ అన్న మాట దాని పేరులోనే వున్నది. వాడుకరి పేరు చివర ఒక కోలను, ఒక కుడి బ్రాకెట్టు కొట్టాలి. ఉత్తరాలలో నవ్వుముఖానికి వేసే గుర్తే అది. రహస్యపదం ఏదైనా సరే. మరుక్షణం 6200వ ద్వారం తెరుచుకుంటుంది. వచ్చినవాడు ఆ యంత్రానికి సర్వాధికారి.

ఇది పాఠం కోసం కల్పించిన బెజ్జం కాదు. 2011 జూన్ చివర, జూలై మొదటి రోజులలో, ఆ కార్యక్రమం అసలు భాండాగారంలోనే ఎవరో మంచి ఫైలు తీసి కల్తీ ఫైలు పెట్టారు. జూలై 3న రచయిత క్రిస్ ఎవాన్స్ స్వయంగా ఆ సంగతి లోకానికి చెప్పి, భాండాగారాన్ని వేరే చోటికి మార్చాడు. కల్తీ ఫైలుకు ఆయన సంకేతముద్ర సరిపోలేదు. ముద్ర చూసి తీసుకున్నవారికి మోసం తెలిసేది. అంగడిలో సీలు చూడనిదే నెయ్యి డబ్బా కొనని మనం, ఇక్కడ మాత్రం మూత తీసి ఒంపుకుంటాము!

2024లో ఆ ముద్రకూ పరీక్ష వచ్చింది. లినక్స్ యంత్రాలలో విరివిగా వాడే ‘ఎక్స్.జడ్.’ అనే కుదింపు సాధనంలో దొంగదారి బయటపడింది. దాన్ని పెట్టినవాడు ‘జియా టాన్’ పేరుతో రెండేండ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, నిర్వాహకుడై, తన అసలు ముద్రతోనే విడుదల చేశాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకండు ఆలస్యమవుతున్నదేమని ఆరా తీశాడు. మార్చి 29న అతని ప్రకటన వెలువడింది.