మా వంటయింటి కిటికీ: బొంబాయిలో ఒక పాటకచేరి

గత మాసమున ఈ పుటయందు ఊరగాయ జాడీల సంగతి వ్రాసియుంటిమి. ఈ మాసపు సంగతి జాడీలది కాదు గాని, జాడీల వెనుక దాచినదానితో దీనికి కొంత సంబంధము గలదు.

మొన్న మా సైనిక్‌పురిలో పొరుగింటి పిల్ల యొకతె చింతపండు బదులునకు వచ్చి, మా వంటయింట పాట వినబడుచుండుట చూచి, "ఆంటీ, మీకు కోల్డ్‌ప్లే తెలుసా?" అని విస్తుపోయినది. తెలియునంటిమి. 2016లో బొంబాయికి పోయి యెదుట నిలిచి వింటిమని కూడ చెప్పితిమి. "అమ్మాయికి తోడు వెళ్లివుంటారు లెండి" అనినది. మేము అవునంటిమి. ఆ అవునన్నమాట అబద్ధము. ఇంటివారు తప్ప తక్కినవారందఱితోను మేము ఇట్లే చెప్పుచు వచ్చితిమి. దానిని దిద్దుటకే ఈ వ్రాత.

ఎఱుగని సోదరీమణులకు ముందుగా రెండు ముక్కలు. కోల్డ్‌ప్లే యనునది ఇంగ్లండు దేశపు రాక్ సంగీత బృందము. లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చదువుకొను దినములలో కలిసిన నలుగురు దానిని స్థాపించిరి. క్రిస్ మార్టిన్ పాడును, పియానో వాయించును. జానీ బక్లాండు గిటారు, గై బెర్రీమన్ బేస్ గిటారు, విల్ ఛాంపియన్ డ్రమ్ములు. రాక్ అనగా కేకలని మనలో చాలమంది యభిప్రాయము. మా యభిప్రాయమును మొదట అదియే. సికిందరాబాదు దండు ప్రాంతములలో ఇంగ్లీషు పాటలు మాకు క్రొత్తవి కావు. మా మామగారు సైన్యమునుండి విశ్రాంతి గొన్నవారు. వారి నేస్తముల యిండ్లలో రికార్డులు మ్రోగుచుండెడివి. అయినను ఆ పాటలు మావి యని మాకెన్నడును తోచలేదు.

2014లో మా తండ్రిగారు ఒక ఆసుపత్రిలో మూడు నెలలు మంచమున నుండిరి. రాత్రులు మేమే కాపలా. ఆయన మగతలో నుండగా మేము కుర్చీలో కూర్చుండి గోడ గడియారమును చూచుచుండుటయే పని. ఒకనాడు అమ్మాయి తన ఫోను, చెవుల త్రాళ్లు మాకు వదలి పోయినది. ఏదో నొక్కగా ఒక పాట వచ్చినది. దాని పేరు "యెల్లో". 2000 సంవత్సరమున వచ్చిన వారి మొదటి పెద్ద రికార్డు "పారాషూట్స్"లోనిది. ఆ యుచ్చారణలో మాటలు మాకు సగము తెలియలేదు. గిటారు గట్టిగా మ్రోగినను ఆ గొంతు మాత్రము ప్రక్కగదిలో నిద్రించువారిని లేపకుండ పిలుచునట్లుండెను. తెల్లవాఱులోపల ఆ పాటను పదిపండ్రెండు మారులు వింటిమి. స్టూడియోలో కనబడిన పసుపుపచ్చని టెలిఫోను పుస్తకమునుండి ఆ పేరు పుట్టినదని చెప్పుదురు. మనకు పసుపనగా ఎంత యర్థమో! వారికది ఒక డైరెక్టరీ యట్ట. ఆ సంగతి తెలిసిన పిమ్మట కూడ మా మనస్సులో ఆ పాట పేరు "పసుపు పాట"యే.

తండ్రిగారు పోయిరి. పాట మిగిలినది. మధ్యాహ్నము గిన్నెలు తోముకొనునప్పుడు, బియ్యము ఏరుకొనునప్పుడు ఒక్కొక్కటిగా వారి పాటలన్నియు వింటిమి. ఎవరితోను చెప్పలేదు. నలుబదియారేండ్ల గృహిణికి ఇంగ్లీషు పాటల పిచ్చి యనిన నవ్వరా?

2016 శరదృతువున కోల్డ్‌ప్లే బొంబాయికి వచ్చుచున్నదని తెలిసినది. నవంబరు 19వ తేది, బాంద్రా కుర్లా కాంప్లెక్సులోని ఎమ్మెమ్మార్డీయే మైదానము, "గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్". ఈ యుత్సవము 2012లో న్యూయార్కు సెంట్రల్ పార్కున ఆరంభమైనది. దారిద్ర్య నిర్మూలనము దాని యుద్దేశము. బొంబాయిలో బాలికల చదువు, స్త్రీ పురుష సమానత్వము, మంచినీరు, మరుగుదొడ్లు అను విషయములు చేపట్టిరి. టిక్కెట్లు కొనుటకును ఉండెను గాని, చాలవఱకు సంపాదించుకొనవలసినవి. ఫోనులో ఆ విషయముల చిత్రములు చూచి, నాయకులకు విజ్ఞప్తులు పంపి, ప్రతిజ్ఞలు చేసినచో లెక్క పెరుగును. పిమ్మట చీటీలు తీసి టిక్కెట్లు ఇత్తురు. ఫోనుమీద వ్రేలు నొక్కిన పల్లెలో మరుగుదొడ్డి లేచునా యని మాకప్పుడు సందేహము, ఇప్పుడును సందేహమే. కాని మా యమ్మాయి పట్టుదలతో నొక్కినది. రెండు టిక్కెట్లు వచ్చినవి. ఆడపిల్లను ఒంటరిగా పంపుటెట్లని మా వారు సంశయించిరి. "తోడుగా మేము పోయెదము" అంటిమి, ఎంతో శ్రమ కోర్చుకొనువారివలె ముఖము పెట్టి. రైలు టిక్కెట్లు కొనుట జరిగినది.

నవంబరు 8వ తేది రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టెలివిజనులో అయిదువందల, వేయి రూపాయల నోట్లు అర్ధరాత్రినుండి చెల్లవని ప్రకటించిరి. ఆ రాత్రి ఏ యింట ఏమి జరిగినదో ఈ పుట చదువువారికి మేము చెప్ప నక్కఱలేదు. మా యింట ఆవకాయ జాడీల వెనుక, పాత పాలపొడి డబ్బాలో నలుబదియేడు అయిదువందల నోట్లుండెను. ఇరువదిమూడువేల అయిదువందల రూపాయలు. పదునొకండేండ్ల కూడిక. కూరగాయలలో మిగిలినది, చీర కొనక మిగిలినది, పుట్టింటివారు చేతిలో పెట్టినది. మరునాడు దానిని తీసికొనిపోయి మా వారి ముందుంచవలసి వచ్చినది.

ఆయన కోపింపలేదు. కోపించిన బాగుండెడిది. నోట్లు లెక్కించి, "దేనికోసం దాచావు?" అని మాత్రమడిగిరి. మాయొద్ద సమాధానము లేదు. ఆపదకని చెప్పవచ్చును. అమ్మాయి పెండ్లికని చెప్పవచ్చును. నిజమునకు దేనికని యనుకొని దాచలేదు. మాదని చెప్పుకొనుటకు ఒకటుండవలెనని దాచితిమి. అది ఆయనతో ఎట్లు చెప్పుట? స్త్రీల ఖాతాలలో రెండున్నర లక్షలవఱకు వేసికొన్నను విచారణ లేదని ప్రభుత్వమువారు ప్రకటించిరి గనుక, బ్యాంకులో మా పేర జమ చేసితిమి. చేతికి మాత్రము కాసు రాదు. ఈసీఐఎల్ చౌరస్తాలో, ఏయస్ రావు నగరులో ఏ ఏటీయమ్ము ముందు చూచినను వరుస. గంటలు నిలిచినచో రెండువేలు, తరువాత రెండువేల అయిదువందలు. వచ్చునది గులాబిరంగు రెండువేల నోటు. దానికి చిల్లర ఇచ్చు ధీరుడు పేటలో ఒక్కడును లేడు.

పదునైదవ తేది భోజనముల యొద్ద మా వారు, "ఈసారికి మానేద్దాం. ఊరుకాని ఊళ్లో చేతిలో చిల్లర లేకుండా ఎలా?" అనిరి. అది న్యాయమైన మాటయే. అమ్మాయి కన్నుల నీరు పెట్టుకొన్నది గాని, తలయూపినది. సంగతి అంతటితో ముగిసినట్లే.

"నేను వెళ్లాలి" అను మాట వినబడినది. అది మా నోటినుండియే వచ్చినదని తెలియుటకు మాకే కొంతసేపు పట్టెను. మా వారు చేతిలోని ముద్ద అట్లే పట్టుకొని చూచిరి. అమ్మాయి చూచినది. ఇక దాచుట యెందుకని, "అమ్మాయికి తోడు కాదండీ. ఆ పాటలు నాకు కావాలి" అంటిమి. పెండ్లియైన యిరువదిరెండేండ్లలో "నాకు కావాలి" అని మేము అడిగినది మందులు కాక మఱి యేదియు జ్ఞాపకమునకు రాదు.

ఎవరు ఏమి పలుకుదురో తెలియని ఆ సమయమున మా అత్తగారు లేచి తన గదిలోనికి పోయిరి. ఆమెకప్పటికి ఎనుబదియేండ్లు. కోపము వచ్చినదని మేము భయపడితిమి. ఆమె పాత పట్టుగుడ్డ మూట యొకటి తెచ్చి మా విస్తరి ప్రక్కన పెట్టిరి. అన్నియు నూరురూపాయల నోట్లు, ముప్పదియెనిమిది. పెద్దనోట్ల మీద ఆమెకెప్పుడును నమ్మకము లేదట.

"మా తెనాలి దగ్గర నాటకం వేస్తే నేను చెప్పకుండా వెళ్లాను, పద్నాలుగేళ్లప్పుడు. రఘురామయ్య కృష్ణుడు. నోట్లో వేలు పెట్టుకొని పద్యం ఈలగా వేస్తుంటే పందిరంతా వన్సుమోరు. ఇంటికొచ్చాక మా నాన్న వీపు చిట్లగొట్టాడు. దెబ్బలు మర్చిపోయాను, పద్యం మర్చిపోలా. వెళ్లు" అనిరి. ఈలపాట రఘురామయ్యగారి పేరు ఆమె నోట మేము వినుట అదే మొదలు. ఇరువదిరెండేండ్లు ఒక్క యింట నుండి, ఒక్క పొయ్యి యొద్ద వండి, ఒకరి పాట నొకరు ఎఱుగమైతిమి.

పదునేడవ తేది నాంపల్లిలో హుసేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, మరునాటి వేకువను ఛత్రపతి శివాజీ టెర్మినస్సున దిగితిమి. వడాలాలో మా పెత్తల్లి కుమార్తె యింట బస. ప్రయాణము సంగతి చెప్పుటకేమియు లేదు. ముప్పదియెనిమిది నోట్లను రెండుగా పంచి, ఒకటి అమ్మాయి సంచిలో, రెండవది మా రవికలో నుంచితిమి.

పందొమ్మిదవ తేది మధ్యాహ్నమే మైదానమునకు చేరితిమి. ఆ దినమున ఎనుబదివేలమంది వచ్చిరని పత్రికలు వ్రాసినవి. మేము మాత్రము ఎదుటివారి వీపులనే చూచితిమి. మేము పోచంపల్లి నూలుచీర కట్టియుంటిమి. చుట్టును ఇరువదియేండ్ల పిల్లలు. గుంపులోనికి పోవునప్పుడు మనము చేయు పనియే ముందుగా చేసితిమి, అనగా ఉదయమునుండి మంచినీరు సరిగా త్రాగలేదు. ఈ యలవాటు మనకెవరు నేర్పిరో గాని, పెండ్లిండ్లలోను, బస్సులలోను, తీర్థములలోను మనమందఱము పాటింతుము. మరుగుదొడ్ల ఆవశ్యకతనుగూర్చి వేదికమీద పెద్దలు ఉపన్యసించుచుండగా ఆ సంగతి తలచుకొని మాలో మేము నవ్వుకొంటిమి.

ఎందఱో పాడిరి, ఎందఱో పలికిరి. అమెరికానుండి జే-జీ, డెమీ లొవాటో వచ్చిరి. హిందీ చలనచిత్ర తారలు వచ్చిరి. ప్రధానమంత్రి దూరదృశ్య యంత్రము ద్వారా ప్రసంగించి, ఆ యేడే నోబెలు బహుమానము పొందిన బాబ్ డిలన్ పాటలోని చరణములు చదివిరి. ఆయన ప్రకటించిన నోట్ల వలన ఇక్కడికి అత్తగారి మూటతో వచ్చినవారము మేము. ఆయన పాట చదువుచుండగా వినుట చిత్రముగా నుండెను. పాదములు వాచినవి. ప్రక్కనున్న కుఱ్ఱవాండ్రు "ఆంటీ, ఇక్కడ కూర్చోండి" అని తమ సంచులు పఱచి చోటిచ్చిరి. వారి భాష మరాఠీయో గుజరాతీయో. మర్యాదకు భాష అక్కఱలేకపోయెను.

చీకటి పడిన చాలసేపటికి కోల్డ్‌ప్లే వచ్చినది. ఆసుపత్రిలో చెవుల త్రాళ్లలో విన్నది చెవికి సంబంధించిన సంగీతము. ఇది ఎముకలకు సంబంధించినది. బేస్ గిటారు మ్రోత ఱొమ్మునకు తగులును. డ్రమ్ము దెబ్బ మడమలలోనుండి పైకి వచ్చును. మొదటి పాటలో మాకు భయమే కలిగినది, దాపఱికమేల? ఇంటికి పోయిన బాగుండునని కూడ తోచినది. తరువాత క్రమముగా దేహము దానికి ఒదిగినది. రోటిపోటు వినుచు నిద్రపోవు పసిబిడ్డవలె.

"యెల్లో" ఆరంభింపగానే గిటారు మొదటి మ్రోతకే జనమంతయు గుర్తించి అఱచిరి. మేమును అఱచితిమి. క్రిస్ మార్టిన్ పాడుచుండెను, ఎనుబదివేలమంది పాడుచుండిరి. కొంతసేపటికి అమ్మాయి పాడుట మాని మా వంక చూచుచున్నది. ఏమని అడిగితిమి. "అమ్మా, నీకు పాటంతా వచ్చా?" అనినది. వచ్చును. మేము బిగ్గఱగా పాడుచుంటిమి. పేరంటములలో మంగళహారతి పాడుట వేఱు. అక్కడ నలుగురికంటె గొంతు పైకి లేచిన బాగుండదని అణచుకొందుము. మా గొంతు ఎంత పెద్దదో మాకే తెలియదు. తండ్రిగారు పోయినప్పుడు కూడ వచ్చినవారికి కాఫీలు కాచుచు అణచుకొంటిమి. ఆ పాట ముగియువఱకు ఏడ్చితిమి, పాడితిమి. రెండును ఒక్కటిగనే జరిగినవి. అమ్మాయి ఏమియు అడుగలేదు. మా చేయి పట్టుకొని నిలిచినది. ఆనాడు తోడుగా వచ్చినది అదియే.

పిమ్మట మన రహమానుగారు వచ్చి మార్టినుతో కలిసి వందేమాతర గీతమునెత్తుకొనగా మైదానము లేచిపోయినది. ఆ సంగతి పత్రికలలో మీరును చదివియుందురు. మార్టిను సౌజన్యము మాకు నచ్చినది. ఆ యేడు వెలువడిన, బొంబాయిలో తీసిన వారి "హిమ్ ఫర్ ద వీకెండ్" చిత్రము మాత్రము నచ్చలేదు. సాధువులు, హోలీ రంగులు, నెమళ్లు. మన దేశము వారికి ఎప్పుడును ఇట్లే కనబడునేమో! అభిమానులమైనంత మాత్రమున కన్నులు మూసికొనవలెనని లేదు గదా.

ఇంటికి వచ్చునప్పటికి ఎనిమిది నోట్లు మిగిలినవి. అత్తగారు వానిని లెక్కించి మూటలో కట్టుకొని, "వన్సుమోరన్నారా?" అని యడిగిరి. అన్నామంటిమి. మళ్లీ పాడలేదని చెప్పగా పెదవి విఱిచిరి. మా వారు ఆ పాల డబ్బాను కడిగించి, యథాస్థానమున జాడీల వెనుకనే పెట్టించిరి. దానిలో ఏమున్నదని ఆయన ఇప్పటికిని అడుగరు.

2025 జనవరిలో కోల్డ్‌ప్లే మరల వచ్చి నవీ ముంబయిలో మూడు దినములు, అహమ్మదాబాదులో రెండు దినములు పాడినది. ఈసారి టిక్కెట్లు మాకు చిక్కలేదు. 26వ తేది అహమ్మదాబాదు కచేరిని ప్రసారము చేయగా ఇంటనే చూచితిమి. అమ్మాయి తన యుద్యోగపు ఊరినుండి ఫోనులో. మేము, మా వారు, అత్తగారు ముందుగదిలో. క్రీడామైదానము నిండ లక్ష పైచిలుకు జనము, చేతులకు వెలుగుల కంకణములు. అత్తగారు ఎనుబదియెనిమిదేండ్ల కన్నులు చికిలించి చాలసేపు చూచిరి. "బాగానే పాడతాడు" అనిరి. మఱికొంతసేపటికి, "మా రఘురామయ్యకి ఇన్ని వైర్లు ఉండేవి కావమ్మా" అనిరి.