బడికి ఇంటర్నెట్ ఫిల్టర్ ఎంచిపెట్టమంటే ఏం చేస్తారు?

డిగ్రీ పూర్తయింది. ఊళ్లోనే ఓ ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చేరారనుకోండి. జీతం పెద్దదేం కాదు. అయినా మొదటి ఉద్యోగం. రెండో వారంలో కరస్పాండెంట్ గారు పిలిచారు. ‘‘ఇదిగో చూడు, పేరెంట్స్ మీటింగులో గొడవైంది. ల్యాబులో పిల్లలు ఏవేవో చూస్తున్నారట. ఏదో ఫిల్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుందటగా, అది పెట్టించు. మూడు కొటేషన్లు వచ్చాయి. ఏది తీసుకోవాలో సాయంత్రానికి చెప్పు’’ అన్నారు.

ఇప్పుడు మీ చేతిలో మూడు బ్రోచర్లు ఉన్నాయి. ఒకదాంట్లో ‘కోట్ల సైట్లు బ్లాక్’ అని రాసుంది. ఇంకోదాంట్లో ‘ఏఐతో నూటికి నూరు శాతం రక్షణ’ అనుంది. మూడోది అన్నిటికంటే చవక. మీరేం చెబుతారు?

ఇది నెట్‌వర్క్ ఇంజినీర్లకు మాత్రమే ఎదురయ్యే ప్రశ్న అనుకోకండి. టీచరుగా వెళ్లినా, ఐటీ సపోర్టులో చేరినా, ఎడ్‌టెక్ కంపెనీ తరఫున స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్మే పనిలోకి దిగినా ఏదో ఒక రోజు ఇది మీ బల్ల మీదికి వస్తుంది. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ‘ఎన్ని సైట్లు ఆపుతుంది?’ అని అడిగి ఎంచుకోకండి. ‘పొరపాటున మంచి సైటు ఆగిపోతే దాన్ని ఎవరు, ఎంతసేపట్లో తెరుస్తారు?’ అని అడిగి ఎంచుకోండి.

ఫిల్టర్ అక్కర్లేదా?

అక్కర్లేదని ఎవరూ అనరు. 2017 ఆగస్టులోనే సీబీఎస్‌ఈ తన అనుబంధ స్కూళ్లకు మార్గదర్శకాలు పంపింది. కంప్యూటర్లన్నిటిలో సరైన ఫైర్‌వాల్, ఫిల్టరింగ్, మానిటరింగ్ ఏర్పాట్లు ఉండాలని చెప్పింది. ఇంటర్నెట్ ఇప్పుడు ల్యాబు గది దాటి పిల్లల చేతుల్లోకీ వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. ఆ వయసు పిల్లల చేతికి ఇంటర్నెట్ ఇచ్చి ‘నీ ఇష్టం’ అని వదిలేయడం బాధ్యత కాదు.

కాబట్టి కంచె వేయాల్సిందే. అయితే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదు కదా!

పెద్దలకూ తప్పలేదు

1996లో అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్‌కు ఓ విచిత్రమైన చిక్కొచ్చింది. ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లు తమ ఊరి పేరుతో ఖాతా తెరవలేకపోయారు. కారణం, ఆ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగు మధ్యలో ఓ బూతుమాట అక్షరాలు వరసగా పడ్డాయి. ఫిల్టర్‌కు ఊరి పేరేదో తిట్టేదో తెలియలేదు. ఇలాంటి తప్పులను నేటికీ ‘స్కన్‌థార్ప్ సమస్య’ అనే పిలుస్తారు.

‘అది పాతకాలం, ఇప్పుడు టెక్నాలజీ మారింది’ అంటారా? 2020 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ కుటుంబాల కోసం 1.1.1.3 అనే ఉచిత డీఎన్‌ఎస్ ఫిల్టర్ విడుదల చేసింది. అశ్లీల సైట్లను, మాల్‌వేర్‌ను ఆపడం దాని పని. అది వచ్చీ రాగానే ఎల్‌జీబీటీ వర్గాలకు సంబంధించిన మామూలు సమాచార సైట్లు కూడా ఆగిపోయాయి. బయటి నుంచి తెచ్చుకున్న జాబితాల్లో తప్పు కేటగిరీ వాడటమే కారణమని కంపెనీ ఒప్పుకుంది, క్షమాపణ చెప్పి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీకే ఇలా జరిగినప్పుడు మీ బ్రోచర్లోని ‘నూటికి నూరు శాతం’ సంగతేంటి?

మన స్కూల్లో ఇది ఎలా కనిపిస్తుందో ఊహించండి. పదో తరగతి అమ్మాయి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం కోసం వెతికింది. లేదా పీరియడ్స్ నొప్పి గురించి ఎవర్నీ అడగలేక గూగుల్‌ను అడిగింది. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు: ‘అశ్లీలం. నిషేధించబడింది.’ పక్క సీట్లోవాళ్లు కిసుక్కున నవ్వారు. సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని ఆ పిల్లకు తెలియదు. తన ప్రశ్నే తప్పనుకుంటుంది. మళ్లీ అడగదు. ఈ నష్టం ఏ నెలవారీ రిపోర్టులోనూ కనపడదు.

లోపల ఏం జరుగుతుంది?

ఎంచుకునే ముందు మూడు రకాల పద్ధతులు తెలిసుండాలి. ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి.

మొదటిది డీఎన్‌ఎస్ ఫిల్టర్. సైటు పేరును చిరునామాగా మార్చే దశలోనే ఆపేస్తుంది. చవక, కొన్ని ఉచితం కూడా. పెట్టడం తేలిక. అయితే దీనికి సైటు పేరే కనిపిస్తుంది, లోపలి పేజీ కనపడదు. యూట్యూబ్‌ను మొత్తం ఆపగలదు, అందులోని ఒక్క వీడియోను ఆపలేదు. బ్రౌజర్లో ‘డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ ఆన్ చేసినా, వీపీఎన్ వేసినా దీన్ని దాటిపోవచ్చు. ఆ దారులు కూడా మూయాలి.

రెండోది ఫైర్‌వాల్ దగ్గర వడపోత. కేటగిరీల వారీగా, తరగతుల వారీగా, వేళల వారీగా నియమాలు పెట్టుకోవచ్చు. కానీ ఇవాళ దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోనే నడుస్తున్నాయి. పేజీ లోపల ఏముందో చూడాలంటే ప్రతి కంప్యూటర్లో ఓ సర్టిఫికెట్ ఎక్కించి, ఎన్‌క్రిప్షన్ విప్పి చూడాలి. అప్పుడు టీచర్ల ఈమెయిల్, బ్యాంకు లావాదేవీలు కూడా ఆ దారిలోనే వెళ్తాయి. వాటికి మినహాయింపు ఉందా అని అడగండి.

మూడోది పరికరంలోనే ఎక్కించే ఏజెంట్. పిల్లలు ట్యాబ్ ఇంటికి తీసుకెళ్లినా పనిచేస్తుంది. ట్యాబ్‌లిచ్చే స్కూళ్లకు ఇదే అనువు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పిల్లాడు ఏం చూశాడో కూడా స్కూలుకు తెలుస్తుంది. తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే చెప్పాలి.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా అయ్యేవి చేసేయండి. స్కూలు నెట్‌వర్క్ మొత్తానికి గూగుల్ సేఫ్‌సెర్చ్‌ను తప్పనిసరి చేయొచ్చు. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టొచ్చు, అందులో రెండు స్థాయులున్నాయి. చిన్న స్కూలుకు వీటితోపాటు ఓ మంచి డీఎన్‌ఎస్ ఫిల్టర్, ల్యాబులో తిరుగుతూ చూసే టీచరు ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. ఈ మాట కరస్పాండెంట్‌కు చెప్పడానికి వెనకాడకండి.

ఒక్క పూట పరీక్ష

మూడు కంపెనీలనూ ట్రయల్ అడగండి. వాళ్ల డెమో కాదు, మీ ల్యాబులో మీ పరీక్ష. ఓ నలభై వెతుకులాటల జాబితా రాసుకోండి. సగం తెరుచుకోవాల్సినవి: దీక్ష పోర్టల్, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, తెలుగు వికీపీడియా, ప్రత్యుత్పత్తి పాఠం, రొమ్ము క్యాన్సర్, రుతుక్రమం, మద్యం మానడం, స్కాలర్‌షిప్ దరఖాస్తులు. జాబితా టీచర్లతోనే రాయించండి. ఏ పాఠానికి ఏం కావాలో వాళ్లకే తెలుసు.

మిగతా సగం ఆగాల్సినవి. ఇక్కడో జాగ్రత్త. పరీక్ష పేరుతో చెడ్డ సైట్లు తెరుస్తూ కూర్చోకండి. పిల్లలపై లైంగిక హింసకు సంబంధించినవాటిని వెతకడం, చూడటం కూడా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరమే. ‘టెస్ట్ కోసం చేశాను’ అనే సాకు మీద ఆధారపడకండి. బ్రిటన్‌లోని ఎస్‌డబ్ల్యూజీఎఫ్‌ఎల్ అనే సంస్థ ఫిల్టర్ పనితనం చూసుకోవడానికి ఓ సురక్షితమైన ఉచిత పరీక్ష పేజీ నడుపుతోంది. అలాంటివి వాడండి. కంపెనీ ఇచ్చే పరీక్ష పేజీలూ అడగండి.

మనకు సంబంధించిన పరీక్ష ఇంకోటుంది. ఇంగ్లిష్ పదాలనే కాక తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగులోనూ వెతికి చూడండి. మన పిల్లలు వెతికేది అలాగే కదా! ఇంగ్లిష్‌లో చురుగ్గా పట్టే ఫిల్టర్ తెలుగు బూతును గుర్తుపట్టకుండా వదిలేస్తే, తెలుగు పాఠాన్ని మాత్రం ఆపేస్తే అది మీ స్కూలుకు పనికిరాదు. ఈ సంగతి బ్రోచర్లో దొరకదు, మీ పరీక్షలోనే తేలుతుంది.

ఫలితాలు మూడు వరసల్లో రాయండి: ఏది సరిగ్గా ఆపింది, ఏది వదిలేసింది, ఏది తప్పుగా ఆపింది. సాయంత్రం కరస్పాండెంట్ బల్ల మీద పెట్టాల్సింది ఆ కాగితమే.

తాళం ఎవరి దగ్గర?

అమెరికాలో 2000లో పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టం వచ్చింది. కేంద్రం నుంచి ఇంటర్నెట్ రాయితీ తీసుకునే స్కూళ్లు, లైబ్రరీలు ఫిల్టర్ పెట్టాలన్నది షరతు. లైబ్రరీల మీది ఆంక్షలను సవాలు చేస్తే 2003లో అక్కడి సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఆ తీర్పులో బలంగా నిలిచిన వాదనల్లో ఒకటి ఇది: పెద్దవాళ్లు అడిగితే లైబ్రేరియన్ ఆ సైటును తెరవగలరు, ఫిల్టర్‌ను తీసేయగలరు. అంటే చట్టం నిలబడటానికి తాళంతోపాటు తాళంచెవీ తోడ్పడింది.

మన స్కూళ్లలో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? చాలాసార్లు సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లిన వెండర్ దగ్గర. సోషల్ టీచరుకు రెండో పీరియడ్‌లో ఓ వీడియో కావాలి, అది ఆగిపోయింది. వెండర్‌కు ఫోన్ చేస్తే ‘రేపు చూస్తాం సార్’ అంటాడు. ఇలా నాలుగుసార్లయ్యాక ఎవరో ఫిల్టర్‌నే ఆపేస్తారు. లేకపోతే టీచరే తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చేస్తారు. డబ్బు పోయింది, రక్షణా పోయింది. అతిగా ఆపే ఫిల్టర్ చివరికి ఏమీ ఆపని ఫిల్టర్ అయ్యేది ఇలాగే.

అందుకే కొనే రోజే రాసిపెట్టుకోండి. సైటు తెరవమని టీచరు ఎవరికి చెప్పాలి? ఎంతసేపట్లో తెరవాలి? మీరు సెలవులో ఉంటే ఎవరు తెరవాలి? బ్లాక్ పేజీ మీద ఏం రాసుండాలి? ‘నిషేధం’ అని గద్దించేకంటే ‘ఈ పేజీ నీ పాఠానికి కావాలా? టీచరుకు చెప్పు’ అని తెలుగులో రాయించండి. ఆత్మహత్య లాంటి వెతుకులాటలు ఆగినచోట చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, టెలీమానస్ 14416 నంబర్లు కనపడేలా చేయించండి. తలుపు మూసినచోటే ఇంకో తలుపు చూపించినట్టవుతుంది. బ్రిటన్ విద్యాశాఖ ప్రమాణాల్లో ఫిల్టరింగ్ ఏర్పాట్లను కనీసం ఏడాదికోసారి సమీక్షించాలని ఉంది. మనమూ వేసవి సెలవుల్లో ఆ పని పెట్టుకోవచ్చు.

కంచే చేను మేస్తే?

ఫిల్టర్ ఆపడంతో సరిపెట్టదు, రాసుకుంటుంది కూడా. ఏ పిల్ల ఏ రోజు ఏం వెతికిందో అంతా లాగ్స్‌లో ఉంటుంది. ‘ఆ అమ్మాయి ఏం వెతికిందో చూశారా?’ అని స్టాఫ్‌రూమ్‌లో చర్చ మొదలైతే మీరు పెట్టిన సాఫ్ట్‌వేరే ఆ పిల్లకు హాని చేసినట్టు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్ల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదని చెబుతుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో విద్యాసంస్థలకు కొంత మినహాయింపునిచ్చారు. అదీ చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైనంత మేరకే. చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. పిల్లల డేటా విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

కాబట్టి వెండర్‌ను సూటిగా అడగండి. లాగ్స్ ఎక్కడ దాస్తారు? ఎన్ని రోజులు ఉంచుతారు? ఎవరెవరు చూడగలరు? కాంట్రాక్ట్ అయిపోయాక చెరిపేస్తారా? జవాబు నోటిమాటగా వద్దు, ఒప్పందంలో రాయించుకోండి. మీ చేతికొచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్‌కూ ఇదే నియమం. దాంతో ఎవరి గురించైనా తెలుసుకునే వీలుంటుంది. ఆ వీలును వాడకపోవడం కూడా మీ ఉద్యోగంలో భాగమే.

సాయంత్రం ఏం చెబుతారు?

‘‘సార్, రెండో కంపెనీది మన నలభైలో ఎక్కువ సరిగ్గా చేసింది. మూడోది చవకే కానీ జీవశాస్త్రం పాఠాన్నే ఆపేస్తోంది. ఏది కొన్నా మొబైల్ డేటాలో చూసేదాన్ని ఆపలేదు. దానికి పిల్లలతో మాట్లాడటం ఒక్కటే మార్గం. సైట్లు తెరిచే బాధ్యత నాకివ్వండి, నేను లేనప్పుడు కంప్యూటర్ మేడమ్‌కు ఇవ్వండి. పేరెంట్స్‌కు ఓ కాగితం పంపిద్దాం.’’

ఈ మాటలు చెప్పడానికి సర్టిఫికెట్లు అక్కర్లేదు. ఒక్క పూట ఓపిగ్గా పరీక్షించడం, సాఫ్ట్‌వేర్ చేయలేనిదాన్ని చేస్తుందని చెప్పకపోవడం కావాలి. అమ్మే సీట్లో ఉన్నా ఇదే వర్తిస్తుంది. ‘నూటికి నూరు శాతం’ అని ఒకసారి అమ్మొచ్చేమో, రెండో ఏడాది రెన్యువల్‌కు ఆ గుమ్మం తొక్కలేరు.

ఖాళీగా ఉన్న ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఇంట్లో వైఫై రూటర్‌కు ఓ ఉచిత డీఎన్‌ఎస్ ఫిల్టర్ పెట్టి, నలభై వెతుకులాటల జాబితా రాసి పరీక్షించండి. ఏం ఆగింది, ఏం దాటింది, ఏం తప్పుగా ఆగింది అని ఒక్క పేజీలో రాయండి. ఇంటర్వ్యూలో ‘మీకు అనుభవం ఉందా?’ అని అడిగితే ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టండి.