చిల్లకూరు తీరంలో బొగ్గు వడపోత: పనికివచ్చే చోటు, రాని చోటు

వ్యవసాయ వ్యర్థాల నుంచి రంధ్రయుత కార్బన్‌ను తయారుచేసి, దానితో నీటిలోని సేంద్రియ కాలుష్యాలను తొలగించవచ్చునన్నది నేడు విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనిపించే అంశం. వరి ఊక, వేరుశనగ తొక్క, కొబ్బరి చిప్ప, సరుగుడు కొమ్మ, సర్కారు తుమ్మ కట్టె, ఏ పదార్థంతో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకే తీరుగా వస్తుంది. స్వేదన జలంలో మిథిలీన్ బ్లూ రంగును కలుపుతారు, కార్బన్ వేసి కుదుపుతారు, రంగు పోతుంది. ఫలితం తప్పు కాదు. కాని ఆ నీరు ఏ ఊరి నీరూ కాదు. అటువంటి ఫలితాన్ని విస్తరణ శాస్త్రవేత్త రైతుకు సిఫారసుగా అందించే ముందు అడగవలసిన ప్రశ్నలు చిల్లకూరు వంటి చోట స్పష్టంగా కనిపిస్తాయి.

నెల్లూరు తీరంలోని చిల్లకూరు, కోట మండలాలు సిలికా ఇసుకకు పేరుపడ్డవి. ఇసుక నేలల మీద పడినది త్వరగా కిందికి ఇంకుతుంది. తీరానికి దగ్గరలో ఉప్పునీటిపై పలుచగా తేలే మంచినీటి పొరే ప్రజలకు ఆధారం. ఒకవైపు వరి పొలాల మందులు, మరొకవైపు రొయ్యల గుంటల మురుగు ఆ నేలపైకే చేరుతున్నాయి. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా ఈ రెండు మండలాలలోనే రానున్న కృష్ణపట్నం పారిశ్రామిక కేంద్రానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 30న ఆమోదం తెలిపింది. 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. నీటిలోని సేంద్రియ కాలుష్యం గురించి ఇక్కడ ముందుగానే ఆలోచించడం అవసరం.

కార్బన్ పనిచేసే విధానం అధిశోషణం. అంటే కాలుష్య అణువులు నశించవు. రంధ్రాల లోగోడలకు అంటుకొని నిలుస్తాయి. మంచి ఉత్తేజిత కార్బన్‌లో ఒక్కొక్క గ్రాముకు 500 నుంచి 1500 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ వైశాల్యంలో అధికభాగం 2 నానోమీటర్ల కంటె సన్నని సూక్ష్మరంధ్రాలలోనే ఉంటుంది. చిన్న అణువులకు అది చాలును. ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి పెద్ద అణువు లోపలికి పోవాలంటే 2 నుంచి 50 నానోమీటర్ల మధ్యస్థ రంధ్రాలు కావాలి. పైగా ఆ ఔషధం ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లతో సంశ్లిష్టాలుగా మారుతుంది. స్వేదన జలంలో దాని నడవడి వేరు, గుంట నీటిలో వేరు. మేత మిగులు, విసర్జితాలు, చనిపోయిన నాచుల నుంచి కరిగే సహజ సేంద్రియ పదార్థం వీటన్నిటికంటె ముందుగా వచ్చి రంధ్రాల ముఖద్వారాలను కప్పివేస్తుంది. మైక్రోగ్రాముల మేరకే ఉండే మందు అవశేషం మిల్లీగ్రాముల మేరకు ఉండే ఈ పదార్థంతో పోటీపడవలసి ఉంటుంది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బూరుగు కాయల డొల్లల నుంచి తయారుచేసిన కార్బన్‌తో రాగి, కాడ్మియంలను తొలగించిన పరిశోధన 2006లోనే వెలువడింది. స్థానిక ముడిపదార్థానికి కొరత లేదని అటువంటి కృషి ఎప్పుడో నిరూపించింది. ఇంకొక చెట్టు కాయను కాల్చి అదే సంగతిని మరల నిరూపించడం వల్ల ఒనగూడేది స్వల్పం.

లోపించినది లెక్క. ఒక హెక్టారు రొయ్యల గుంటలో 1.2 మీటర్ల లోతున నీరుంటే అది 12,000 ఘనపు మీటర్లు. ప్రయోగశాలలో సాధారణంగా వాడే లీటరుకు ఒక గ్రాము మోతాదును పట్టుబడి నాడు వదిలే నీటికి వర్తింపజేస్తే 12 టన్నుల కార్బన్ కావాలి. స్తంభంలో నింపి నీటిని దాని గుండా పంపితే మోతాదు తగ్గుతుందన్నది నిజమే. అయినా బురద నిండిన ఆ నీటికి స్తంభం కొద్ది గంటలలోనే పూడుకుపోతుంది. గుంట మురుగుకు తగినది తేర్చే గుంట, మేత పొదుపు, నిషేధిత మందులకు దూరం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధ జాబితాలో ఉన్నవే. వాడకాన్ని ఆపవలసిన మందుకు వడపోతను వెతకడం తల్లకిందుల వైద్యం.

అదే లెక్కను తాగునీటికి వేసి చూడవచ్చు. రెండు వందల కుటుంబాలున్న పల్లెలో కుటుంబానికి రోజుకు 20 లీటర్ల చొప్పున తాగడానికి, వంటకు కావలసినది 4,000 లీటర్లు. ఎనిమిది గంటలలో ఆ నీటిని వడపోసి, కార్బన్‌తో పావుగంట స్పర్శ ఉండేలా చూస్తే 125 లీటర్ల పడక చాలును. ఒక పీపాలో పట్టేంత. కార్బన్ స్థానం ఇది. అమెరికాలో 1986 నాటి తాగునీటి చట్ట సవరణ కూడా సంశ్లేషిత సేంద్రియ రసాయనాల నియంత్రణకు గుళికల రూపంలోని ఉత్తేజిత కార్బన్‌ను ఆచరణసాధ్యమైన పద్ధతిగా పేర్కొన్నది తాగునీటి విషయంలోనే. ఆర్వో నీటి కేంద్రాలలోనూ పొరకు ముందు సాధారణంగా కార్బన్ స్తంభం ఒకటి ఉంటుంది. అందులోని కార్బన్‌ను చివరిసారి ఎప్పుడు మార్చారని విస్తరణ సిబ్బంది అడిగితే ఎన్నో పరిశోధనా పత్రాలకు మించిన మేలు కలుగుతుంది. నిండిపోయిన కార్బన్ పట్టినదాన్ని తిరిగి వదలగలదు. దానిపై సూక్ష్మజీవులూ పెరుగుతాయి. రుచిలో ఆ తేడా తెలియకపోవచ్చు.

కార్బన్ చేయలేనిదీ చెప్పితీరాలి. అది ఉప్పును తీయదు, నైట్రేటును దాదాపు తాకదు. వెనుకటి తరం చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపి మడ్డిని అడుగుకు దించేది. తేట నీరంతా మంచినీరేనన్న నమ్మకం నాటిది. బొగ్గు విషయంలో ఆ నమ్మకం మరల పుట్టే ప్రమాదముంది.

మిల్లులలో బాయిలర్ కింద మిగిలే నల్లని ఊక బూడిదను ఉత్తేజిత కార్బన్‌గా భావించడం మరొక పొరపాటు. ఊక బరువులో 15 నుంచి 20 శాతం బూడిదే, అందులో అధికభాగం సిలికా. బాయిలర్ బూడిదలో కాలక మిగిలిన కార్బన్ కొద్దిగా ఉన్నా, 800–900 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరితోగాని, తగిన రసాయనాలతోగాని ఉత్తేజపరచనిదే దానికి రంధ్ర నిర్మాణం ఏర్పడదు. రసాయన పద్ధతిలో కడుగునీరు మరొక కాలుష్యం; పత్రాలలో దాని ఊసు అరుదు.

అన్నిటికంటె క్లిష్టమైనది వాడిన కార్బన్. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఒకవంక బయోచార్‌ను నేలకు మేలుచేసే పదార్థంగా సిఫారసు చేస్తున్నాయి. రైతు కంటికి రెండూ నల్లని పొడులే. పురుగుమందును, ఔషధాన్ని, ఉప్పును పట్టుకున్న కార్బన్ చౌకగా దొరికితే అది వరి మడికే చేరుతుంది. పట్టినది నేలలో నెమ్మదిగా విడుదల కావచ్చు. మరొకవంక ఖాళీగా ఉన్న రంధ్రాలు కలుపుమందును బంధించి దాని పనిని మందగింపజేస్తాయి. పునరుత్తేజానికి దాదాపు 700–900 డిగ్రీల కొలిమి కావాలి; అది పల్లెలో నడిచే పని కాదు. సిమెంటు బట్టీవంటి అధిక ఉష్ణోగ్రత గల చోటికి పంపే ఏర్పాటు ముందుగా కుదరాలి, స్తంభం ఆ తరువాత నిలపాలి.

కనుక ఈ అంశంపై పనిచేసే విద్యార్థి నమూనా నీటిని పట్టుబడి రోజున కాలువ నుంచి ఒకసారి, పల్లె బోరు నుంచి వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి తెచ్చుకోవాలి. ఫలితాల పట్టికలో తొలగింపు శాతం పక్కన లవణీయత, కరిగిన సేంద్రియ కార్బన్, స్తంభం ఎన్ని లీటర్లకు నిండినది, వాడిన కార్బన్ ఎన్ని కిలోలు, అది ఎక్కడికి పోయింది అన్న గడులు ఉండాలి. చివరి గడి ఖాళీగా ఉన్న పత్రాన్ని మార్గదర్శకులు సంతకం చేయక తిప్పి పంపవచ్చు.