బోర్డు కొనండి, ప్రాజెక్టు కొనొద్దు

మన ఊళ్లల్లో పంజగుట్ట అంటే నిమ్స్ దవాఖాన. అమీర్‌పేట అంటే కోచింగ్. జబ్బు చేస్తే ఒకచోటికి పోతాం, చదువైపోతే ఇంకోచోటికి పోతాం. రెంటి మధ్యా నడిచిపోయేంత దూరమే. ఆ దారిన, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, జావా, టెస్టింగ్, పైథాన్ అని రాసిన బోర్డుల నడుమ ఇంకో రకం బోర్డు కూడా కనబడుతుంది. ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు చేసిస్తాం అని. మేము మాట్లాడదల్చుకున్నది ఆ బోర్డు గురించీ, ఆ దుకాణాల్లో అమ్ముడయ్యే ఇంకో చిన్న బోర్డు గురించీ.

ఆ చిన్న బోర్డు అరచేతిలో పట్టే కంప్యూటర్. ఏటీఎం కార్డంత ఉంటుంది. పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులో కేంబ్రిడ్జి వాళ్లు తయారుచేసి 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టారు. అప్పటి ధర 35 డాలర్లు. ఇంట్లో ఉన్న టీవీకి తగిలించి, ఒక కీబోర్డు పెడితే పూర్తి కంప్యూటర్ అయిపోతుంది. మెమరీ కార్డు మీద నడుస్తుంది. అందులో వేసే లినక్సుకు పైసా కట్టనక్కర్లేదు. పక్కన వరసగా పిన్నులుంటాయి. వాటికి లైటు తగిలించొచ్చు, గంట తగిలించొచ్చు, తడినీ వేడినీ చూసే సెన్సార్లు తగిలించొచ్చు.

దీన్ని వాళ్లు ఎందుకు చేశారో మనం తెలుసుకోవాలి. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారని, వచ్చినవాళ్లలో కూడా సొంతంగా ప్రోగ్రాం రాసినవాళ్లు తక్కువని ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్లు గమనించారు. పిల్లలు కంప్యూటర్ వాడుతున్నారు గానీ విప్పి చూడటం లేదు. విప్పితే ఇంట్లో ఊరుకోరు గదా, ఖరీదైన వస్తువాయె. అందుకని, పాడైపోయినా ఏడుపు రాని ధరలో ఒకటి చేద్దామనుకున్నారు. అంతకుముందే 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే బోర్డు పుట్టింది. అది పూర్తి కంప్యూటర్ కాదు. ఒక పని నేర్పి వదిలేస్తే ఆ పనే చేసుకుంటూ పోతుంది.

అంటే ఇవి చెడగొట్టి నేర్చుకోవడానికి పుట్టిన వస్తువులు. అమీర్‌పేటకు వచ్చేసరికి ఏమయింది? ముట్టుకోకుండా కొనుక్కునే వస్తువులయినయి.

జరిగేది ఇట్లా ఉంటుంది. ఫైనలియర్లో నలుగురు ఒక బ్యాచి. కాలేజీలో ల్యాబు ఉండదు, ఉంటే తాళం ఉంటుంది. గైడు సారుకు తీరిక ఉండదు. ఇగ బస్సెక్కి అమీర్‌పేట పోతారు. అక్కడ లిస్టు సిద్ధం. గ్యాసు లీకైతే మొత్తుకునే డబ్బా, కళ్లు లేనోళ్లకు చేతికర్ర, వేలిముద్ర హాజరు, మట్టి తడి చూసి మోటారు వేసేది. ఒకదాని మీద వేలు పెడితే చాలు. అట్టకు అతికించిన బోర్డు, పెన్‌డ్రైవులో కోడు, బైండింగు చేసిన రిపోర్టు చేతికొస్తాయి. వైవాలో ఏమడిగితే ఏం చెప్పాల్నో అది కూడా రాసిస్తారు.

మా దగ్గర పదో తరగతి చదివిపోయిన ఒక పిలగాడు మట్టి తడి ప్రాజెక్టు కొన్నాడు. అమ్మ చిట్టీ ఎత్తి డబ్బు పంపింది. వాళ్ల నాయిన పత్తి చేన్లకు నీళ్లు కట్టే మనిషి. మట్టి పిడికిట్లో పట్టి, ఇంకో రెండు రోజులు ఆగొచ్చు అని చెప్పగలడు. కొడుక్కి మాత్రం ఆ సెన్సారు రెండు కాళ్లు మట్టిలో గుచ్చితే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. తడి మట్టిలో కరెంటు తేలిగ్గా పారుతుంది, పొడి మట్టిలో పారదు. అంతే సంగతి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చవక సెన్సారు కాళ్లు తడిలో కొన్నాళ్లు ఉంటే తుప్పుపట్టి తినుకుపోతాయి. బైండింగు రిపోర్టులో ఆ ముక్క ఉండదు. చేన్లో పెట్టినోనికే తెలుస్తుంది. వాని ప్రాజెక్టు చేను మొకం చూడనే లేదు. వైవా అయినంక అటకెక్కింది.

ఇన్‌స్టిట్యూట్లను తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. మన వాడల నుంచి పోయిన ఎందరికో మొదటి జీతం ఆ సందుల పుణ్యమే. ఉద్యోగం ముందు, బోర్డు తర్వాత అంటే మేము కాదనం. కానీ ఇంటర్వ్యూలో అడిగేది ఏమిటి? 'నీ ప్రాజెక్టు ఏం చేస్తుంది, నువ్వేం చేశావు?' అక్కడ మనోడు నేల చూపులు చూస్తాడు. పక్కనోనికి ఇంట్లో అన్న ఉంటాడు, బాబాయి ఉంటాడు, సర్ది చెప్పుకుంటాడు. మనోని ఇంట్లో ఇంజనీరింగు గడప తొక్కింది వాడొక్కడే. తప్పు వాని మీద వేస్తే సరిపోదు. ఫీజు రీయింబర్సుమెంటు తీసుకుని ల్యాబు చూపించని కాలేజీలను ముందు నిలదియ్యాలి.

అసలు మన పిల్లల చేతుల్లో పని లేదా? మండల కేంద్రాల్లో సెల్లు రిపేరు బల్లల మీద కూచున్నదెవరు? సోల్డరింగు ఐరను పట్టి, వెంట్రుక వాసి తీగలు అతికేదెవరు? వానికి డ్రాపౌట్ అని పేరు. ఐరను ఎటు పట్టుకోవాల్నో తెలియనోనికి ఇంజనీరు అని పేరు. చేతిని కింద కూచోబెట్టి, కాగితాన్ని పైన కూచోబెట్టిన ఈ ఏర్పాటు అమీర్‌పేటలో పుట్టింది కాదు, మనకు బాగా ఎరికైనదే.

ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి చూడండి. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక, హైదరాబాదులో పని చేసుకుంటూ ఒక్కో ముక్క కూర్చి 1999కల్లా ఆసు యంత్రం నిలబెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ముందు ఉన్నది లిస్టు కాదు, అమ్మ భుజం.

సర్కారు ఏం చేస్తున్నదంటారా? 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులని పెడుతున్నది. బడికి 20 లక్షల గ్రాంటు. ఇప్పటికి 10,000 బడుల్లో పెట్టారు. 2025 బడ్జెట్లో, అయిదేళ్లలో ఇంకో 50,000 సర్కారు బడులకని ప్రకటించారు. మంచిదే. కానీ మొదట్లో పెట్టిన షరతు చూడండి, మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల జాగా ఉండాలని. మన బడుల్లో అయిదు తరగతులకు రెండు గదులు. కొత్త 50,000 ల్యాబులు ఏ బడులకు పోతున్నయో సంఘాలు లిస్టు తెప్పించి చూడాలి. వచ్చినచోట సామాను బీరువాలో ఉందా, పిల్లల చేతుల్లో ఉందా అన్నదీ చూడాలి.

20 లక్షలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కొత్త రాస్ప్‌బెర్రీ పై 5 అయిదు వేలు దాటుతుంది, అంటే పదహారు రోజుల కూలి. అది ఒక ఇంటి మీద మోపొద్దు, బడికో సంఘానికో ఒకటి ఉంటే చాలు. అదే కంపెనీ 2021లో తెచ్చిన పికో అనే బుల్లి బోర్డు అయిదు వందల లోపు దొరుకుతుంది. తీగలు, లైట్లు, సెన్సార్లు కోఠి గుజరాతీ గల్లీలో విడిగా అమ్ముతారు. ముందు ఒక చిన్న లైటు వెలిగించి ఆర్పండి. తర్వాత గంట మోగించండి. పిన్నుల మీద 3.3 వోల్టులే, షాకు కొట్టదు. అంతకన్నా ఎక్కువ పెడితే మాత్రం బోర్డు మాడిపోతుంది. ఇంటి కరెంటు 230 వోల్టుల జోలికీ, మోటారు స్టార్టరు జోలికీ పిల్లలను పోనియ్యొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాం.

మా పదో తరగతి పిల్లలు ఇప్పుడు పట్టుకున్న పని ఏంటంటే, నల్లా నీళ్లు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది, నల్లాలు వచ్చినయి. కానీ మన వాడ పైపుకు ఆఖర్న ఉంటుంది. నీళ్లు ఎంతసేపు వచ్చినయని అడిగితే పంచాయతీ వాళ్లదొక లెక్క, మన ఆడోళ్లదొక లెక్క. రాసి పెట్టినోళ్లు లేరు. నల్లా కింద బకెట్లో ఒక ఫ్లోటు స్విచ్చి. నీళ్లొస్తే తేలుతుంది, తేలితే తీగలు కలుస్తాయి, కలిసిన టైమును పికో రాసుకుంటుంది. బకెట్ అడుగున చిన్న చిల్లి పెట్టాలని పిల్లలే కనిపెట్టారు. లేకపోతే నల్లా ఆగినా ఫ్లోటు తేలుతూనే ఉంటుంది. కరెంటు పోతే బోర్డు టైము మరిచిపోతుంది కాబట్టి గుండ్రటి సెల్లుతో నడిచే చిన్న గడియారం ముక్క ఒకటి తగిలించాలి. ఊరి నడుమ ఒకటి, వాడ చివర ఒకటి పెట్టి, నెల రోజుల లెక్క గ్రామసభలో చదవాలని పిల్లల పట్టుదల. నల్లాకు కులం ఉందో లేదో ఆ రోజు చదివి చూద్దాం.

రెండోది పెట్టడానికి ఇంకో బోర్డు కావాలి. బి.టెక్. చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అటకల మీద కొన్న ప్రాజెక్టు డబ్బాలున్నాయి గదా. అందులో పికో ఉన్నా, ఆర్డుయినో ఉన్నా, పాత రాస్ప్‌బెర్రీ ఉన్నా దించి తీసుకురండి. తీగలు తెగినా పర్వాలేదు. సెల్లు రిపేరు చేసే మనోడు ఆదివారం ఆదివారం బడికొస్తున్నాడు, ఐరను ఆయన దగ్గరుంది.