శిశుపోషణము: మాట రాని బిడ్డ చెప్పు మాటలు



“ఏమమ్మా, మీ వాడింకను మాటలాడుట లేదా?” అను ప్రశ్న తల్లి గుండెలో ములుకువలె నాటుకొనును. దాని వెంటనే యోదార్పును వచ్చును: “మగపిల్లలకు మాట ఆలస్యమే, వాని తండ్రికిని నాలుగేండ్లకు గాని రాలేదు.” పొరుగింటి యువతి తన రెండున్నర యేండ్ల కుమారునిగూర్చి యడిగినపుడు నేనును ఈ మాటయే చెప్పితిని. ఆ బిడ్డ నవ్వుచుండెను. ఆకలియైనచో తల్లి చేయి పట్టుకొని వంటయింటికి లాగుచుండెను. ఇంత తెలివిగలవానికి లోటేమని తలచితిని. సంవత్సరము గడచిన పిదప ఆసుపత్రిలో పరీక్షింపగా వానికి వినికిడి మిక్కిలి తక్కువయని తేలినది. ఆ సంవత్సరము వ్యర్థమగుటలో నా యోదార్పునకును పాలు కలదు. అందుచేతనే ఈ మాసము ఈ విషయము వ్రాయుచున్నాను.

బిడ్డకు ఎన్ని మాటలు వచ్చునని లెక్కించుటతో పరీక్ష ముగియదు. మాట లేకున్నను బిడ్డ యేమి చెప్పుచున్నాడు, ఎట్లు చెప్పుచున్నాడు అని చూడవలెను. అమెరికాలో చారిటీ రోలండ్ అను విదుషి ఇట్టి పిల్లలకొఱకు రూపొందించిన “కమ్యూనికేషన్ మేట్రిక్స్” అను పరిశీలనపట్టిక 1990లో వెలువడినది. అందు బిడ్డ యితరులతో సంభాషించుటకు నాలుగు ప్రయోజనములు చెప్పబడినవి: వలదనుట, కావలెననుట, తోడు కోరుట, విషయము తెలుపుట లేక తెలిసికొనుట.

మీరును ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీసి, వారము దినములు చూచినది చూచినట్లు వ్రాయుడు. వలదన్నపుడు బిడ్డ ముద్దను చేతితో త్రోయునా, తల త్రిప్పునా, ఏడ్పొక్కటే యెఱుగునా? బిగుతు మూత గల డబ్బాలో బెల్లపుముక్క వేసి చేతికిచ్చి, మనసులో పది లెక్కించువఱకు ఊరకుండుడు. తానే పెనుగులాడునా, డబ్బాను మీ చేతిలో పెట్టునా, డబ్బాను చూచి పిదప మీ ముఖమును చూచునా? దాగుడుమూతలు మీరాపినచో మఱల ఆడుమని కొంగు లాగునా? గోడమీది కాకిని తనకిమ్మని కాక, మీరును చూడవలెనని వ్రేలితో చూపునా? కోరి చూపుట వేఱు, పంచుకొనుటకు చూపుట వేఱు. ఈ రెండవది కానరానిచో ఉపేక్షింపరాదు.

మా వారు బడిపిల్లలకు మార్కులు వేసినట్లు బిడ్డకు మార్కులు వేయుటకు కాదు ఈ పట్టిక. తల్లి మాత్రమే చూడగల సంగతులు వైద్యునికి తెలియుటకు.

వినికిడిని వేఱుగా గమనింపుడు. పొరుగుబిడ్డ కాకిని కన్నులార చూచినపుడు నాకును చూపుచుండెను. వెనుక కాకి యరచినచో తిరుగుచుండలేదు. ఆ భేదము నేను గుర్తింపలేదు. పళ్లెము మ్రోగింపగా తిరిగిన మాత్రమున చెవులు బాగున్నవనుకొనరాదు. కొన్ని ధ్వనులు విని కొన్ని విననివారు కలరు. నిద్రించు పసికందునకును చేయదగిన “బేరా” అను వినికిడి పరీక్ష కలదు.

సంవత్సరము నిండినను ముద్దుపలుకులు గాని సైగలు గాని లేకున్నను, పదునాఱు నెలలకు ఒక్క మాటయు రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి పలుకకున్నను, వచ్చిన మాట యే వయసుననైనను పోయినను జాగు చేయవలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో ఇట్టి పిల్లలకొఱకు కేంద్రములు ఏర్పడినవి. పుస్తకము చేతబట్టుకొని వెళ్లుడు.

సైగలు, బొమ్మలు నేర్పినచో మాట రాదని పెద్దలు భయపడుదురు. 2006లో ప్రకటితమైన యొక సమీక్షయందు, నమ్మదగిన సాక్ష్యముగల 27 మందిలో ఒక్కరికిని మాట తగ్గలేదు, పెక్కుమందికి హెచ్చినది.

ఇపుడా పొరుగు బాలుడు చెవియంత్రము ధరించుచున్నాడు. మొన్న మా పెరటిలో కాకి యరవగా తిరిగి చూచి, నా కొంగు లాగెను. అమ్మలారా, ఓదార్పు చెప్పుటకు ముందు బిడ్డను చూడుడు.