జూన్‌టీన్త్ పండుగ – దాని యర్థము

లోకమున పండుగ లనేకములు కలవు. కొన్ని జననమును, కొన్ని జయమును స్మరింపజేయును. ఆలస్యమును స్మరింపజేయు పండుగ యొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతి సంవత్సరము జూన్ 19వ తేదీని జరుపబడు జూన్‌టీన్త్ అట్టిది. జూన్, పందొమ్మిది యను రెండు ఆంగ్లపదముల కలయికచే దాని కీ పేరు వచ్చినది.

తిరుగుబాటు చేసిన దక్షిణ రాష్ట్రములలోని బానిసలు స్వతంత్రులని అధ్యక్షుడగు అబ్రహాము లింకను 1863 జనవరి 1వ తేదీని ప్రకటించెను. కాని దూరమున నున్న టెక్సాసులో ఆ ప్రకటనను అమలుపఱచుటకు సైన్యము లేదు. యజమానులకు పత్తిచేలలో పని జరుగవలెను. కావున ఎఱిగినవారు సయితము పెక్కుమంది నోరు మెదపలేదు. ఇట్లు సుమారు 2,50,000 మంది యింకను రెండున్నర సంవత్సరములు దాస్యమున మ్రగ్గిరి. తుదకు 1865 జూన్ 19వ తేదీని సేనాని గోర్డన్ గ్రేంజరు గాల్వెస్టను రేవుపట్టణమున ఉత్తరువు వెలువరించి, బానిస లందఱును స్వతంత్రులని చాటించెను. ఆ యుత్తరువే వారిని పాత యజమానుల కడనే కూలికి పనిచేయుచు నెమ్మదిగా నుండుడనియు హెచ్చరించెను.

మఱుసటి యేటినుండి ఆ జనులు ప్రార్థనలతోను పాటలతోను ఈ దినమును జరుపుకొనసాగిరి. హ్యూస్టను నగరమున 1872లో వారు చందాలు వేసికొని, పండుగకై పది యెకరముల భూమిని కొనిరి. టెక్సాసు ప్రభుత్వము 1980 నుండియు, దేశప్రభుత్వము 2021 నుండియు దీనిని సెలవుదినముగ పాటించుచున్నవి.

జూన్ 19తో దాస్యము దేశమంతట నంతరింపలేదు గదా యని కొంద ఱందురు. నిజమే. డెలవేరు, కెంటకీ రాష్ట్రములలో అది 1865 డిసెంబరులో పదుమూడవ రాజ్యాంగ సవరణ స్థిరపడువఱకు నిలిచియుండెను. అయినను జూన్ 19వ తేదీయే తగినదని నా యభిప్రాయము. సంతకము చేసిన దినము ఇచ్చినవాని గౌరవమును దెలుపును. ఈ దినము పొందినవారు తామే యెన్నుకొన్నది.

విద్యార్థులారా! దక్షిణ రాష్ట్రములలో పెక్కింట బానిసలకు చదువు నేర్పుట నేరముగ నుండెను. తన్ను గూర్చిన శాసనమును తాను చదువలేనివాడు, దానిని చదివి వినిపించువాని దయకై వేచియుండవలెను. శాసనము కలముతో పుట్టును. కట్టకడపటి గుడిసెలోనివానికి చేరినప్పుడే యది సార్థకమగును. ఈ పండుగ మనకు నేర్పునది యిదియే.