కరువు మీద మోపిన నేరం

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు మనకు వినిపించే మాట ఒకటే: ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు. గేట్లు ఎత్తని ఏడాది మాట మారుతుంది: వానల్లేవు, అందుకే కృష్ణలో చేపల్లేవు. చిత్రమేమిటంటే రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. చుక్క కూడా సముద్రానికి పోకూడదని పట్టుబట్టినవాళ్లే చేప ఏమైందని అడిగితే ఆకాశం వైపు చూపిస్తారు.

కరువు కృష్ణకు కొత్త కాదు. వేసవిలో పాయలు సన్నబడేవి, చేపలు లోతు మడుగుల్లో తలదాచుకునేవి. వానలు పడి ఎర్రనీరు దిగగానే బొచ్చె లాంటివి ఏటికి ఎదురెక్కి, నీరు పొంగిన పల్లాల్లో గుడ్లు పెట్టేవి. ఒక ఏడు వానలు తప్పితే ఆ ఏటి పిల్ల తగ్గేది, మరుసటేటి వరద ఆ లోటు పూడ్చేది. చేపకు కావలసింది నీళ్లు మాత్రమే కాదు. ఆ నీళ్లు ఎప్పుడు పెరుగుతాయి, ఎన్నాళ్లు నిలుస్తాయి, ఎంత మెల్లగా తీస్తాయి అన్నదాన్ని బట్టే దాని సంతానం. కరువు ఆ క్రమాన్ని ఒక ఏడాది చెడగొడుతుంది. గేటు ఏటా చెడగొడుతుంది.

ఈ ఫిర్యాదు కూడా పాతదే. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేస్తూ చేపల మీద పరిశోధన చేసిన ఫ్రాన్సిస్ డే, 1873 నాటి నివేదికలోనే ఆనకట్టలు పులసల ఎదురీతకు అడ్డం పడుతున్నాయని ప్రభుత్వానికి రాశాడు. ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, పైన శ్రీశైలం, ఇంకా పైన ఆలమట్టి. గంగ మీద 1975లో ఫరక్కా మొదలయ్యాక ఎగువ ఊళ్లకు పులస రాక ఎలా పడిపోయిందో దేశమంతా చూసింది. ఇవాళ పులస అంటే గోదావరే గుర్తొస్తుంది, కృష్ణ పేరు ఎవరూ ఎత్తరు.

20వ శతాబ్దం తొలి సగంలో కృష్ణ నుంచి ఏటా సగటున సుమారు 2,000 టీఎంసీలు సముద్రానికి చేరేవి. 2001-04 కరువు ఏళ్లలో అది దాదాపు సున్నాకు వచ్చింది. వానలు తగ్గాయి, నిజమే. కానీ సున్నా అయ్యేంతగా తగ్గలేదు. మిగిలిన లోటంతా మనం పట్టుకున్నదే.

నీలకంఠ రొయ్య సంగతి చూడండి. పెరిగేది మంచినీళ్లలో, దాని పిల్ల బతికేది ఉప్పు కలిసిన నీళ్లలో. తల్లి గుడ్లతో నది నోటి వైపు దిగాలి, పిల్ల కాస్త ఎదిగాక తిరిగి ఎగువకు ఎక్కాలి. పండుగప్పది దాదాపు ఇదే దారి: పుట్టుక సముద్రం అంచున, ఎదుగుదల ఏటిలో. హంసలదీవి దగ్గర నది నోటికి మంచినీరు అందకపోతే ఈ రెండింటికీ రాకపోకలు తెగినట్టే. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ మీద ఎండాకాలం నిలబడితే విషయం కళ్లకు కడుతుంది. బ్యారేజీ పైన కదలని నీళ్లు, కింద ఇసుక. కదలని నీళ్లు తిలాపియాకు ఇష్టం, ప్రవాహాన్ని నమ్ముకున్న చేపకు కాదు.

మార్కెట్ నిండా చేపలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, చెరువులవి. లోతట్టు చేపల ఉత్పత్తిలో రాష్ట్రం దేశంలోనే ముందుందంటే అది కొల్లేరు చుట్టుపక్కల మేత వేసి పెంచిన నాలుగైదు రకాల పుణ్యం. ఆ టన్నుల లెక్కలో ఏటి చేప గల్లంతయినా ఎవరికీ తెలియదు. నదిలో చేపపిల్లలు వదిలి ఫొటోలు దిగడమూ అంతే. ప్రవాహం లేని చోట వదిలిన పిల్ల ఎక్కడికని పోతుంది?

2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, ఇంకేం కావాలి అనేవాళ్లూ ఉన్నారు. ఆ వరద ఉద్ధృతి కొన్నాళ్లే. గేట్లు ఒక్కసారిగా దించితే దిగువ గుంటల్లో చిక్కిన చేప వలకో కాకికో దొరుకుతుంది. పది నెలల ఎండకు నాలుగు రోజుల ముంపు జవాబు కాదు.

డెల్టా రైతు నోటి దగ్గర నీళ్లు లాక్కోమని నేను అనడం లేదు. తాగునీరు ముందు, అందులో వాదన లేదు. అడిగేది కొంచెమే: తొలి వరదలో కొన్ని రోజులపాటు గేట్లు కొద్దిగా తెరిచి, మెల్లగా దించాలి. వేసవిలో సన్నటి ధారైనా హంసలదీవి దాకా సాగాలి. చేప తలదాచుకునే మడుగులను ఇసుక తవ్వకాలకు అప్పగించకూడదు. 2015లో గోదావరి నుంచి పట్టిసీమ నీళ్లు వచ్చినప్పుడు డెల్టాకెంత, రాయలసీమకెంత అన్న చర్చే సాగింది. నదికెంత అన్న ప్రశ్నకు అందులో చోటు దొరకలేదు.

ఇప్పుడు బ్యారేజీ దిగువన చోడవరం, బండికొల్లంకల దగ్గర మరో రెండు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఉప్పునీరు పైకి ఎగదన్నుతోంది, దాన్ని ఆపాలి అన్నది అందులో ఒక కారణం. పై నుంచి మంచినీరు దిగకపోబట్టే ఉప్పునీరు పైకి వస్తోంది. దానికి మందుగా మరో రెండు అడ్డుగోడలు కడితే, నది నోటి దగ్గర పుట్టిన రొయ్యపిల్ల వాటిని ఎలా దాటాలో గీతలు గీసే ఇంజనీర్లు ముందుగా చెప్పాలి.